మెట్టనేల – బంతియాట

రాయలసీమలోని అనంతపురము జిల్లా మెట్టభూములకు పేరువడినది. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికి తమ నీటిని చాలవరకు ఆవలివైపుననే కురిసి వచ్చును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమును తడిపి లోనాటికి చేరునప్పటికి వాని బలము సన్నగిలును. ఈ రెంటి నడుమ చిక్కిన పీఠభూమి యగుటచే అనంతపురమున ఏడాదికి పడు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎఱ్ఱనేలలు, రాతిగుట్టలు, వానను నమ్ముకొని విత్తిన వేరుసెనగ చేలు, ఏడాదిలో చాలనాళ్లు ఇసుక మాత్రమే కనిపించు పెన్నానది – ఇవి అచటి దృశ్యములు.

ఇట్టి నేలలో ఏ పంట పండునని అడిగినచో రైతులు వేరుసెనగ, జొన్న, కొఱ్ఱ అని వెంటనే చెప్పుదురు. ఆటల పంట కూడ పండునా అని అడిగినచో అంత త్వరగా సమాధానము దొరకదు. క్రీడలు సంపన్నుల సొత్తనియు, పచ్చిక మైదానములును విలువైన పరికరములును లేనిచోట గొప్ప జట్లు పుట్టవనియు పలువురు తలంతురు. ఈ తలంపు ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు ఫుట్‌బాలు ఆట చరిత్ర మిక్కిలి ఉపకరించును. ఏలయన, ఆ ఆటకు కావలసిన సామగ్రి అత్యల్పము. ఒక బంతి, కొంత బయలు, గోలు హద్దులకై నాలుగు రాళ్లు ఉన్నచో చాలును. ఇంత తక్కువ సామగ్రితో ఆడు ఆటలో ఒకరు గెలుచుటకును మఱియొకరు ఓడుటకును కారణము ధనము కాక వేఱొకటి యుండవలెను.

అనంతపురమునకు వేల మైళ్ల దూరమున, కరీబియన్ సముద్రములో, వెనిజులా దేశపు తీరమునకు ఉత్తరముగా క్యురసావో అను చిన్న దీవి కలదు. దాని విస్తీర్ణము 444 చదరపు కిలోమీటర్లు. 2022లో విభజింపబడుటకు ముందు అనంతపురము జిల్లా విస్తీర్ణము 19,130 చదరపు కిలోమీటర్లు. అనగా అట్టి దీవులు నలువదికి పైగా ఆ జిల్లాలో ఇముడును. దీవి జనసంఖ్య లక్షన్నరకు కొంచెము ఎక్కువ. 2011 జనగణన నాటికే అనంతపురము జిల్లా జనసంఖ్య నలువది లక్షలు దాటినది. ఐనను ఒక్క విషయమున ఈ రెండు ప్రదేశములకును పోలిక కలదు. చుట్టును సముద్రమున్నను క్యురసావో కూడ మెట్టనేలయే. అచట జీవనది ఒక్కటియు లేదు. ముండ్లపొదలును, జెముడుజాతి మొక్కలును మెండు. అచటి వర్షపాతము అనంతపురపు వర్షపాతమునకు ఇంచుమించు సమానము. త్రాగునీటికై దీవివారు సముద్రజలములోని ఉప్పును యంత్రములతో తొలగించుకొందురు.

ఈ దీవివారికి ఫుట్‌బాలు క్రొత్త కాదు. శతాబ్దమునకు పూర్వమే వారు ఆ ఆటను చేపట్టిరి. చిరకాలము వారి దీవి, ఇరుగుపొరుగు డచ్చి దీవులతో కలిసి, నెదర్లాండ్సు యాంటిలీసు అను పేరున ఒక్క జట్టుగా ఆడుచుండెను. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో ఆ జట్టు టర్కీ చేతిలో 2–1 గోలుల తేడాతో మాత్రమే ఓడెను. 2010లో ఆ దీవుల కూటమి రద్దుకాగా, అటుపిమ్మట క్యురసావో తన స్వంత పేరుతో పోటీలకు దిగెను. 2017లో జమైకాను ఓడించి కరీబియన్ కప్పును గెలుచుకొనెను. 2025 నవంబరు 18వ తేదీన, జమైకా రాజధానియగు కింగ్‌స్టనులో ఆతిథేయులతో 0–0గా ఆట ముగించి, 2026 ప్రపంచకప్పు పోటీలకు అర్హత సంపాదించెను. అంతకు ముందు అంత చిన్న దేశమేదియు ఆ పోటీలకు అర్హత పొంది యుండలేదు. 2018లో ఆడిన ఐస్లాండు జనసంఖ్య క్యురసావో జనసంఖ్యకు రెట్టింపు.

ఈ విజయమునకు కారణమేమి? దీవిలో ధనరాసులు బయల్పడలేదు, జనసంఖ్యయు పెరుగలేదు. బ్రతుకుతెరువునకై దీవిని వీడి నెదర్లాండ్సునకు వలస పోయిన కుటుంబములు పెక్కు కలవు. అచట పుట్టి పెరిగిన ఆ కుటుంబముల పిల్లలు చిన్ననాటనే మంచి శిక్షకులవద్ద ఆట నేర్చిరి. ఫుట్‌బాలు సంఘమువారు అట్టి యువకులను వెదకి, తాతతండ్రుల దీవి పక్షమున ఆడుటకు పిలిచిరి. 2015 ప్రాంతమునుండి ఈ ప్రయత్నము ముమ్మరమాయెను. విత్తనము మెట్టదీవిది, దానికి నీరు పోసినది క్రమశిక్షణతో కూడిన శిక్షణము.

ఈ చిన్నదీవి జట్టు భారతజట్టును కూడ ఎదుర్కొనెను. 2019 జూన్ 5వ తేదీన థాయిలాండులో జరిగిన కింగ్సు కప్పు పోటీలో క్యురసావో 3–1తో భారతజట్టును ఓడించెను. నూటముప్పది కోట్ల ప్రజలుగల దేశము లక్షన్నర ప్రజలుగల దీవి చేతిలో ఓడుట ఆ తరమువారికి అంతగా వింత గొలుపలేదు. ఏలయన, భారతదేశము ఫుట్‌బాలులో వెనుకబడిన దేశమని అప్పటికే అందఱును అలవాటుపడిరి. కాని ఒకానొక కాలమున భారతజట్టు ఆసియాఖండమున కెల్ల మేటిజట్టు. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు తెలుగుదేశమున పుట్టిన ఒక బడిపంతులు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీము. 1909లో హైదరాబాదు నగరమున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, నగరమునందలి పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. వ్యాయామవిద్యలో కూడ ప్రత్యేకముగా శిక్షణ పొందెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను. 1950లో హైదరాబాదు నగర పోలీసుజట్టునకు శిక్షకుడయ్యెను. ఆయన శిక్షణలో ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకొనెను. ఆ కాలముననే భారతజట్టు బాధ్యతయు ఆయనకు లభించెను.

ఆ నాటి భారతజట్టు స్థితిని కొంత తెలిసికొనిననే గాని రహీము చేసిన పని విలువ బోధపడదు. 1948లో లండను ఒలింపిక్సులో భారతీయులు ఫ్రాన్సుతో ఆడినపుడు వారిలో పలువురి కాళ్లకు బూట్లు లేవు. చిన్ననాటినుండి వట్టికాళ్లతో ఆడుట వారికి అలవాటు. వట్టికాళ్లతోనే వారు ఫ్రాన్సును ముప్పుతిప్పలు పెట్టి, చేతికందిన రెండు పెనాల్టీలను వ్యర్థము చేసికొని, 2–1తో ఓడిరి. 1950లో బ్రెజిలులో జరిగిన ప్రపంచకప్పునకు వెళ్లుటకు భారతదేశమునకు అవకాశము దొరకినది కాని జట్టు వెళ్లలేదు. బూట్లు లేకపోవుటయే దీనికి కారణమని లోకమున ఒక కథ వ్యాపించెను. నిజమునకు, ఆ రోజులలో ఒలింపిక్సునకున్న గౌరవము ప్రపంచకప్పునకు ఇచట లేదు. దూరప్రయాణమునకు సంఘమువారు ఉత్సాహము చూపలేదు.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో రహీము శిక్షణ పొందిన జట్టు ఇరానును 1–0తో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. మఱుసటి ఏడే గర్వభంగమైనది. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో చలికి వణకుచు ఆడిన భారతజట్టును యుగోస్లావియా 10–1తో ఓడించెను. అప్పటికిని కొందఱు ఆటగాండ్రు వట్టికాళ్లతోనే ఆడిరి. ఈ పరాభవము తరువాత భారత ఫుట్‌బాలు సంఘము బూట్లను తప్పనిసరి చేసెను.

రహీము ఆ ఓటమిని చూచి ఏడ్చుచు కూర్చుండలేదు. గుణపాఠమును గ్రహించెను. భారతీయ ఆటగాండ్రకు బంతిని కాళ్లలో ఆడించు నేర్పు మెండు; కాని ఆ నేర్పుపై మోజుతో బంతిని తమవద్దనే చాలసేపు ఉంచుకొందురు. ఈలోపల ప్రత్యర్థులు చుట్టుముట్టుదురు. దీనిని మాన్పుటకై ఆయన ఒక వింత పోటీని ఏర్పఱచెను. అందు బంతిని కాళ్లతో నడిపించుకొని పోరాదు. అందిన వెంటనే తోటివానికి అందింపవలెను. ఇంకొక పోటీలో ఆటగాడు తనకు అలవాటులేని కాలితోనే బంతిని తన్నవలెను. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను ఆడవలెను. ఈ అభ్యాసములకు డబ్బు ఖర్చు లేదు. ఆలోచన మాత్రమే కావలెను. జట్టు నిలుచు వరుసలలో కూడ ఆయన మార్పు తెచ్చెను. ముందువరుసలో నడుమనుండువానిని కొంచెము వెనుకకు రప్పించి, ప్రత్యర్థుల రక్షకులను తికమకపెట్టు పద్ధతిని అవలంబించెను.

ఆటగాండ్రను ఎక్కడనుండి తెచ్చుటయన్నది మఱియొక సమస్య. రహీము వారిని వీథులలోను, పాఠశాలలలోను, పోలీసు కవాతు మైదానములలోను వెదకెను. సికింద్రాబాదు సమీపమునందలి అమ్ముగూడ గ్రామమున తులసీదాసు బలరాము అను పేదబాలుడు ఉండెను. బూట్లు కొనుటకు శక్తిలేక, పోలీసుల పాతబూట్లను చెప్పులు కుట్టువానిచేత మార్పించుకొని ఆడుచుండెను. అతని ఆటను చూచి రహీము చేరదీసెను. ఆ బాలుడే ఇరువది యేండ్ల ప్రాయమున ఒలింపిక్సు జట్టులో నిలిచెను.

1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకు వెళ్లిన జట్టులో బలరాము, అజీజు, నూరు, లతీఫు, అహమ్మదు హుస్సేను, జుల్ఫికరుద్దీను మొదలగు హైదరాబాదువారు పలువురుండిరి. గోలు కాచు పీటరు తంగరాజు కూడ హైదరాబాదుననే జన్మించెను. డిసెంబరు 1వ తేదీన ఆతిథేయులైన ఆస్ట్రేలియావారితో భారతజట్టు తలపడెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాలులో ఒకే ఆటలో మూడు గోలులు చేసిన మొదటి ఆసియావాసి అతడే. భారతజట్టు 4–2తో గెలిచి సెమీఫైనలు చేరెను. అంతకు ముందు ఆసియా దేశమేదియు ఆ దశకు చేరలేదు. సెమీఫైనలులో పాతశత్రువగు యుగోస్లావియాపై మొదటి గోలు భారతీయులదే. ఐనను తుదకు 4–1తో ఓడి, మూడవ స్థానమునకై జరిగిన ఆటలో బల్గేరియా చేతిలోను ఓడి, భారతజట్టు నాలుగవ స్థానము పొందెను. నాలుగేండ్ల క్రిందట పది గోలులతో ఓడిన జట్టునకు ఇది సామాన్యమైన అభివృద్ధి కాదు.

1960లో రోము ఒలింపిక్సున భారతజట్టు హంగేరీకి 2–1తో ఓడెను. ఫ్రాన్సుతో 1–1గా ఆట ముగించెను. పన్నెండేండ్ల క్రిందట వట్టికాళ్లతో ఓడిన ఫ్రాన్సుతో ఇప్పుడు సరిసమానముగా నిలిచెను. ఆ తరువాత రహీము దృష్టి 1962లో జకార్తాలో జరుగనున్న ఆసియా క్రీడలపై నిలిచెను. కాని ఆయన దేహము క్షీణింపసాగెను. ఊపిరితిత్తులలో క్యాన్సరు వ్యాధి ప్రవేశించెను.

జకార్తాలో ప్రారంభమే అపజయముతో జరిగెను. దక్షిణ కొరియా 2–0తో భారతజట్టును ఓడించెను. పిమ్మట థాయిలాండుపై 4–1తోను, జపానుపై 2–0తోను భారతజట్టు గెలిచెను. థాయిలాండుతో ఆడునపుడు రక్షకుడగు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. అట్టివానిని మైదానమునుండి తొలగించుటకు మాఱుగా రహీము అతనిని ముందువరుసకు పంపెను. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3–2తో ఓడించినపుడు ఆ మూడు గోలులలో ఒకటి జర్నైల్ సింగుదే.

సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు. ప్రత్యర్థి మరల దక్షిణ కొరియాయే. ఆ క్రీడలకు ఇజ్రాయేలు, తైవాను దేశములను రానీయలేదని ఒక భారతీయ క్రీడాధికారి చేసిన విమర్శచే జకార్తా ప్రజలు కోపించియుండిరి. సుమారు లక్షమంది ప్రేక్షకులు భారతజట్టునకు వ్యతిరేకముగా అఱచుచుండిరి. ఆ కోలాహలమున ఒకరి మాట ఒకరికి వినబడుటయే దుర్లభము. ఐనను ఆటగాండ్రు చలింపలేదు. చునీ గోస్వామి నాయకత్వమున ఆడిన ఆ జట్టు తొలి యిరువది నిమిషములలోనే రెండు గోలులు చేసెను. మొదటిది పి.కె. బెనర్జీది, రెండవది జర్నైల్ సింగుది. ఆట ముగియవచ్చునప్పుడు కొరియావారు ఒక గోలు చేసిరి కాని ఫలితము మాఱలేదు. భారతజట్టు 2–1తో స్వర్ణపతకము గెలిచెను. తొమ్మిది మాసములు గడిచిన పిమ్మట, 1963 జూన్ 11వ తేదీన రహీము కన్నుమూసెను.

రహీము నాటిన చెట్టు మఱికొంతకాలము ఫలించెను. 1964లో ఆసియా కప్పులో భారతజట్టు రెండవ స్థానము పొందెను. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచెను. 1970 ఆసియా క్రీడలలో హైదరాబాదువాడగు సయ్యద్ నయీముద్దీను నాయకత్వమున కాంస్యపతకము లభించెను. ఆ తరువాత క్రమముగా క్షీణదశ ఆరంభమాయెను. 1960 తరువాత భారత పురుషుల జట్టు ఒలింపిక్సులో ఆడనే లేదు.

ఇందులకు కారణములు పెక్కు. హైదరాబాదులో బాలురు ఆడుకొను బయళ్లలో భవనములు లేచినవి. ప్రజల అభిమానము క్రికెట్టువైపు మరలినది. అన్నిటికంటె ముఖ్యకారణము వేఱొకటి. రహీము వంటి గురువు ఒక్కడే ఉండెను. ఆయన విద్యను పదిమందికి నేర్పు వ్యవస్థ ఏర్పడలేదు. జపాను కథ దీనికి ఎదురుగా నిలుచును. ఆ దేశమువారు 1960లో జర్మనీనుండి డెట్మార్ క్రామర్ అను శిక్షకుని రప్పించి, ఆయన సలహాపై శిక్షకులను తయారుచేసి, జట్ల మధ్య ఏడాది పొడవునను పోటీలు జరుగునట్లు ఏర్పాటు గావించిరి. జకార్తాలో భారతజట్టు చేతిలో ఓడిన జపానే ఆరేండ్లు గడిచిన పిమ్మట, 1968 మెక్సికో ఒలింపిక్సులో కాంస్యపతకము పొందెను. భారతదేశము ఒక్క గురువును నమ్ముకొనెను. జపాను గురుపరంపరను నిర్మించుకొనెను.

ఇక అనంతపురము సంగతి. ఆ జిల్లాలో 1969లో స్పెయిన్ దేశీయుడగు విన్సెంట్ ఫెర్రర్ గ్రామీణుల సేవకై రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించెను. బావులు, చెఱువులు, పాఠశాలలు, వైద్యశాలలు, పేదలకు ఇండ్లు నిర్మించుట ఆ సంస్థ ప్రధానకార్యము. 2009లో ఫెర్రర్ అనంతపురముననే మరణించెను. కరవుసీమలో అన్నమునకును నీటికిని తరువాతనే ఆటలని తలంచుట సహజము. ఐనను ఆ సంస్థవారు ఆటలను ఉపేక్షింపలేదు. అనంతపురమున క్రీడాగ్రామమును నిర్మించి, ఫుట్‌బాలు, హాకీ, క్రికెట్టు మొదలగు ఆటలలో పల్లెపిల్లలకు శిక్షణ యిప్పించిరి. స్పెయిన్ దేశపు టెన్నిస్ వీరుడు రాఫెల్ నాదల్ పేరిటి సంస్థ 2010లో అచట టెన్నిస్ పాఠశాలను ప్రారంభించెను. 2024లో దేశపు మేటి క్రికెట్టు ఆటగాండ్రు దులీప్ ట్రోఫీ పోటీలకై ఆ మైదానమునకు వచ్చిరి.

ఆ మైదానములందు ఆడినవారిలో కూలికుటుంబముల పిల్లలును, చిన్నకమతముల రైతుబిడ్డలును కలరు. బాలురతోపాటు బాలికలును ఫుట్‌బాలు ఆడిరి. వాన పడని యేట తల్లిదండ్రులు పనులకై బెంగుళూరు వైపు పోవు సీమయది. పెద్దలతోపాటు పిల్లలును ఊరు విడిచినచో చదువును, ఆటయు రెండును ఆగిపోవును. వసతియు, భోజనమును, బడియు, ఆటయు ఒక్కచోట లభించినపుడు అట్టి పిల్లవాడు నిలిచి నేర్చుకొనగలడు. కనుక క్రీడాస్థలము అచట కేవలము వినోదస్థానము కాదు. పిల్లలను బడిలో నిలుపు ఆధారములలో ఒకటి.

క్యురసావో దీవియు, రహీము జట్టును, అనంతపురపు మైదానములును చెప్పునది ఒక్కటే. వాన తక్కువైనంత మాత్రమున మనుష్యుల శక్తి తక్కువ కాదు. దేశము పెద్దదైనంత మాత్రమున విజయము దానంతట అది రాదు. అమ్ముగూడలో పాతబూట్లతో ఆడిన బాలుని వంటివారు ప్రతి ఊరను ఉందురు. వారిని చూచి గుర్తించుటకు ఒక ఉపాధ్యాయుడు కావలెను. ఆయన వెనుక ఇంకొక ఉపాధ్యాయుడు సిద్ధముగా నుండవలెను. మెట్టపొలమున రైతు ఒక్క వానను నమ్ముకొనక, దొరకిన ప్రతి చినుకును గట్టు వేసి నిలుపుకొనును. ఆటలందును, చదువునందును ఆచరింపవలసిన పద్ధతి యదియే.